ఊయలలో చక్కెర దిమ్మ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నా కూతురు షుకూఫే ఏదో ఒక వేసవి సెలవుల్లో, రెండు జడలు వేసుకుని, పట్నపు బూట్లతో మా గుమ్మంలోకి వస్తుంది. నన్ను చూసి తల కాస్త వంచి, ఎంతో మర్యాదగా, "బాగున్నారా అత్తయ్యా?" అంటుంది. నేను "బాగున్నానమ్మా, లోపలికి రా" అంటాను. అంతకంటే ఇంకేమీ అనలేను. ఈ భయం ముందు చావు కూడా నాకు చిన్నదిగానే కనబడుతుంది.

ఈ భయం ఎక్కడ పుట్టిందో పోయిన వారం చదివిన వాళ్ళకు తెలుసు. చదవని వాళ్ళ కోసం నాలుగు మాటలు. నౌరోజ్, అంటే మా కొత్త ఏడాది పండుగనాడు మా ఆయన అక్క, ఇఫ్ఫత్ వదిన, ఇస్ఫహాన్ నుంచి ఖమ్సర్‌లోని మా ఇంటికి వచ్చింది. బడిలో చరిత్ర పాఠాలు చెబుతుంది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా కడుపు పండలేదు. మా పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందే!" అంది.

మనది ఏదైనా ఒకరు మెచ్చుకుంటే ఏమనాలో మా వాళ్ళకు ఉగ్గుపాలతోనే వచ్చేస్తుంది. "పీష్‌కష్" అనాలి. నీదే, తీసుకో అని. గాజులు బాగున్నాయన్నా అదే మాట, తివాచీ బాగుందన్నా అదే మాట. అవతలి వాళ్ళు, "సొంతదారు దగ్గరుంటేనే దానికి అందం" అనాలి. అక్కడితో ఆ ముచ్చట తీరిపోతుంది. నేను పీష్‌కష్ అన్నాను. వదిన ఆ రెండో మాట అనలేదు. "నిజంగానా?" అంది. అలా అడిగినప్పుడు వెనక్కి తగ్గితే మర్యాద కాదు. మళ్ళీ అన్నాను. "మనసు చంపుకోకుండా చెప్పు గుల్నెసా" అంది. మూడోసారీ అన్నాను. మామగారు ఉన్నారు, అత్తగారు ఉంది, మా ఆయన ఉన్నాడు, పండుగ బల్ల మీద అద్దమూ కొవ్వొత్తులూ ఉన్నాయి. వదిన పాప నుదుటి మీద ముద్దు పెట్టుకుని, "ఖబూల్" అంది. ఒప్పుకున్నాను, పుచ్చుకున్నాను అని. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆ నవ్వు ఆగేలోగా వదిన గోడకున్న కేలండర్ చూపించింది. పూర్వపు రాజుల కోట తఖ్తే జంషీద్ మెట్ల మీద చెక్కిన రాతి బొమ్మలు. దేశదేశాల వాళ్ళు రాజుగారికి కానుకలు మోసుకెళుతున్నారు. "పీష్‌కష్ అంటే ఇదీ. రెండున్నర వేల ఏళ్ళ నాటి మర్యాద" అంది. ఆ వరసలో ఒక ఆడసింహం ఉంది. మెడకు తాడు. వెనక ఇద్దరు మనుషులు దాని పిల్లల్ని చెరొకటి ఎత్తుకుని నడుస్తున్నారు. సింహం ముందుకు నడుస్తూనే తల పూర్తిగా వెనక్కి తిప్పింది. ఎందుకలా చూస్తోంది వదినా అని అడిగాను. "శిల్పి సరదా" అంది.

వదిన మళ్ళీ గులాబీలు కోసే రోజులకు వచ్చింది. వచ్చి వారం అయింది. పాపకు స్నానం తనే, జోల తనే. పాప మొట్టమొదటి మాట నేర్చింది. "అమ్మె." మా వైపు మేనత్తను పిలిచే పిలుపు అది. ఇల్లంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఇక ఈ వారం సంగతి.

గులాబీలు ఎండ తగలకముందే కోయాలి. ఎండ పొడ పడిందంటే వాసన సగం ఎగిరిపోతుంది. అందుకే తెల్లవారకముందే పాపకు పాలిచ్చి, గది మూల కట్టిన గుడ్డ ఊయలలో పడుకోబెట్టి, తోటకు వెళ్ళాను. పోతూ పోతూ దాని ఎడమ చెవి వెనక చూశాను. నిన్న దాన్ని చంకనేసుకుని పూలు కోస్తుంటే ముల్లు గీసుకుంది. ఎర్రటి చిన్న గీత. నా తప్పే. కొంచెం ఉమ్మి తడి రాసి వెళ్ళాను.

ఎండెక్కేసరికి మెడలో జోలె నిండింది. రొమ్ములు కూడా నిండి బరువెక్కాయి. పాలు చేపుకొచ్చి చొక్కా తడుస్తుంటే ఓ చేత్తో అదిమి పట్టుకుని ఇంటికి నడిచాను. మా గుమ్మం ముందు నేల తడిగా ఉంది. తడి మీద రెండు ఆకుపచ్చ ఆకులు అతుక్కుని ఉన్నాయి. ప్రయాణం వెళ్ళే వాళ్ళ వెనక మా అత్తగారు గిన్నెలో ఆకులు వేసి నీళ్ళు పోస్తుంది, క్షేమంగా తిరిగి రావాలని.

అది చూసి నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. హమ్మయ్య, వదిన వెళ్ళిపోయింది అనుకున్నాను. అలా సంతోషపడినందుకు సిగ్గు కూడా పడ్డాను. పాపం, చెప్పిపోవడానికి కూడా నేను ఇంట్లో లేకపోతినే అనుకున్నాను.

గదిలోకి వెళ్ళాను. ఊయల నిండుగా ఉంది. పాప బరువుకు ఎలా వంగుతుందో అలాగే వంగి ఉంది. పైన వదిన తెచ్చిన జరీ శాలువా కప్పి ఉంది. "లే బంగారూ, ఆకలేయడం లేదూ" అంటూ రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఎత్తాను.

చల్లగా ఉంది. గట్టిగా ఉంది.

 పాప బిగుసుకుపోయింది అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నేను ఏమయ్యానో నాకే తెలియదు. శాలువా లాగేశాను. లోపల తెల్లగా, కోసుగా, చక్కెర దిమ్మ. నిశ్చితార్థాలకు తీసుకెళ్ళే మూరెడు దిమ్మ. దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పక్కన గుప్పెడు చక్కెర పూత బాదం పప్పులు.

ముందు అర్థం కాలేదు. తరవాత ఒక్కసారిగా అర్థమైంది. పొరుగింటి నుంచి పులుసు గిన్నె వస్తే మేము ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపం. ఏదో ఒకటి, కనీసం రెండు ఆకులైనా, వేసి పంపుతాం. వదిన మర్యాద తెలిసిన మనిషి. ఊయలను ఖాళీగా వదల్లేదు.

చక్కెర దిమ్మను చంకలో పెట్టుకునే పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ పొయ్యి మీద పన్నీరు కాచే రాగి కాగు. మా అత్తగారు, ఇంటిల్లిపాదీ అజీజ్ అని పిలిచే ఆవిడ, మూత అంచు చుట్టూ తడిపిండి మెత్తుతోంది, ఆవిరి పోకుండా.

"అజీజ్, పాపేదీ?"

"వచ్చావా? ఆ పూలు పక్కన కుమ్మరించు, తరవాతి వాయికి. కాగు కాగిపోతోంది."

"పాపేది అజీజ్?"

"వాళ్ళ అమ్మెతో వెళ్ళింది. అరవకు. పొద్దున్నే ఏమిటా గొంతు?"

"ఎక్కడికి వెళ్ళింది?"

"ఎక్కడికేమిటి, ఇంటికి. నువ్విచ్చావు, అది తీసుకుంది. నేను పక్కనే ఉన్నానుగా. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు."

నేను నిలబడే ఉన్నాను. నా జోలెలోంచి గులాబీలు రాలుతున్నాయి. ఆ వాసన. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న వాసన. ఆ రోజు ముక్కు మూసుకున్నాను.

"మర్యాదకు అన్నాను అజీజ్. అందరూ అనరా? మీరు మొన్న ఆ బట్టలమ్మే ఆవిడకు మీ దుప్పటి పీష్‌కష్ అనలేదూ?"

"అన్నాను. అది తీసుకోలేదు. తీసుకుని ఉంటే నేను అడిగే దాన్నా? ఇచ్చినదాన్ని వెనక్కి అడిగే కొంపా ఇది?" ఆవిడ పిండి ముద్దను కసిగా నొక్కింది. నా వైపు మాత్రం చూడలేదు. "అయినా ఏం పోయిందని? దానికి చదువొస్తుంది. నీలాగా ఎనిమిదిలో ఆపేసి గులాబీ ముళ్ళు పీక్కోదు. నీకు ఇంకొకరు పుడతారు. ఇఫ్ఫత్‌కు పుడతారా?"

నన్ను ఎనిమిదిలో ఆపించింది ఈ ఇంటి సంబంధమే. ఆ మాట నాలుక దాకా వచ్చింది. మింగాను.

మామగారు హాజ్ ఆగా అరుగు మీద టీ తాగుతున్నారు. ఆయనకు కాస్త చెవుడు. "ఏమిటి గొడవ?" అన్నారు.

"పాప సంగతి" అని అత్తగారు అరిచింది.

"ఆ, ఆ. మా నాన్న కూడా ఇంతే. ఒకడు మా గాడిద బాగుందన్నాడు. మా నాన్న పీష్‌కష్ అన్నాడు. వాడు తాడు పట్టుకుని తోలుకుపోయాడు. మా నాన్న ఒక్క మాట అనలేదు. కన్నుమూసేదాకా కాషాన్ పట్నానికి నడిచే వెళ్ళాడు. మర్యాదంటే అదీ!"

"గాడిదకు పాలివ్వాల్సిన పనిలేదు హాజ్ ఆగా" అన్నాను.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక నేను ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. ఆయన గ్లాసు కింద పెట్టారు. ఆ ఒక్క మాట ఆయనకు స్పష్టంగా వినబడింది.

అప్పుడే మా ఆయన నోస్రత్ భుజం మీద గులాబీల మూటతో పెరటి తలుపులోంచి వచ్చాడు. నా మొహం చూశాడు, నా చంకలో చక్కెర దిమ్మ చూశాడు. మూట దించలేదు. మోస్తూనే నిలబడ్డాడు, నేరం చేసిన కూలివాడిలాగా.

"మీకు తెలుసా?" అన్నాను.

"ఏమిటి?"

"మీ అక్క పాపను తీసుకుపోతుందని మీకు తెలుసా?"

"ఇవాళే అని తెలియదు."

ఇవాళే అని తెలియదు.  కాగు కింద మంట వైపు చూశాను.

"పండుగ అయ్యాక ఫోన్ చేసింది" అన్నాడు నేల చూస్తూ. "గుల్నెసా మనస్ఫూర్తిగానే అందా అని అడిగింది. నేనేం చెప్పను? అక్కా, పాప ఏపాటిది, మా ప్రాణాలే నీవి అన్నాను."

"ఎవరి ప్రాణం?"

"మర్యాదకు అన్నానే."

"ఆవిడేమంది?"

"సరే తమ్ముడూ అంది. ఇష్టం లేకపోతే నువ్వే కాదంటావనుకున్నాను. నువ్వు పాప బట్టలు ఉతికి మడతపెట్టి సంచీలో పెట్టావు కదా మొన్న, నీకు ఇష్టమే అనుకున్నాను."

"ఆవిడ అడిగింది! పాప బట్టలన్నీ ఒకచోట ఉంటే స్నానానికి వీలుగా ఉంటుందని అడిగింది. అడిగితే ఎలా కాదంటాను?"

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను మర్యాదకు అన్నాను. ఆయన మర్యాదకు అన్నాడు. ఆయన నా మాట నిజమనుకున్నాడు, నేను వదిన మాట నవ్వులాట అనుకున్నాను. ఇంతమంది ఉన్న ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు 'వద్దు' అనలేదు. ఆ ఒక్క మాట లేక నా బిడ్డ గుమ్మం దాటిపోయింది.

"పదండి" అన్నాను. "ఇస్ఫహాన్ వెళ్దాం. నేను అడుగుతాను. కాళ్ళు పట్టుకుంటాను."

"రెండు రోజులు ఆగుదాం గుల్నెసా. అక్క మొహం మీద ఎలా..."

"నువ్వు రాకు." ఆయన్ని నువ్వు అనడం కూడా అదే మొదలు. "నేను పోతాను."

"ఏయ్, నోరు!" అని అత్తగారు లేచింది. ఆవిడ చెయ్యి మూత మీద నుంచి జారింది. పిండి పగిలి ఆవిరి బుస్సుమని పైకి లేచింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"వద్దు" అన్నాను. ముగ్గురికీ వినబడేలా. "నేను ఇవ్వలేదు. ఇవ్వను. వద్దు, వద్దు, వద్దు. ఇది మూడుసార్లు అయింది. ఇది కూడా లెక్కలోకి తీసుకోండి."

ఊరి కూడలికి పరిగెత్తాను. అక్కడ సఫర్ ఆగా మినీబస్సు కడుగుతున్నాడు. మా ఊరికీ కాషాన్‌కూ మధ్య ఆయనదే బండి. నన్ను చూడగానే గుడ్డ పక్కన పెట్టాడు.

"రా చెల్లెమ్మా. పెళ్ళికా ప్రయాణం? చక్కెర దిమ్మ పట్టుకుని వచ్చావు."

అప్పటిదాకా దాన్ని చంకలోంచి దించలేదని నాకు తెలియనే తెలియదు.

"పొద్దున మా వదినను ఎక్కించుకున్నావా? పాపతో?"

"ఎక్కించుకున్నాను. పాప గుక్కపెట్టి ఏడ్చింది. దారి పొడుగునా. ఈ పాలసీసా ఏమిటో దానికి నచ్చలేదు. ఆవిడ పాపం ఎన్ని పాటలు పాడిందో."

నా చొక్కా మళ్ళీ తడిసింది.

"ఇస్ఫహాన్ బస్సు ఎన్నింటికి అన్నా? అందుకోగలమా?"

"ఇస్ఫహాన్ ఏమిటి?" అన్నాడు సఫర్ ఆగా. "కాషాన్‌లో వాళ్ళు రేవు పట్నం బందర్ అబ్బాస్ బస్సు ఎక్కారు. సామాన్లు నేనే అందించాను. ఇంతింత పెట్టెలు, ముందే కాషాన్‌లో దింపి ఉంచినవి. ఆవిడ భర్త అక్కడే ఉన్నాడట. అటు నుంచి పడవలో సముద్రం దాటి అరబ్బుల వైపు పోతున్నారట, ఉద్యోగం దొరికిందని. మీకు చెప్పలేదా? నేనింకా మీరందరూ వీడ్కోలు పలికేశారు కాబోలు అనుకున్నాను."

సముద్రం దాటి.

 బండి మెట్టు పట్టుకున్నాను. వదిన బడి, వదిన ఇల్లు, వదిన పెరట్లో దానిమ్మ చెట్టు. ఏడుస్తూనైనా నేను వెళ్ళి తలుపు తట్టగల ఇల్లు ఒకటి ఉందనుకున్నాను. అంతవరకూ నా భయమంతా ఆ తలుపు దాకానే. ఇప్పుడు తలుపే లేదు. సెలవుల్లో వచ్చి నన్ను అత్తయ్యా అని పిలిచే పాప కూడా లేదు. ఆ భయం నాకు ఎంత పెద్ద భాగ్యమో అప్పుడు తెలిసింది.

"చెల్లెమ్మా, నీళ్ళు తాగుతావా?" సఫర్ ఆగా గొంతు మారింది. "నన్నేం చేయమంటావో చెప్పు. ఈ బండి నాదనుకోకు, నీదే. పీష్‌కష్."

ఆ మాట ఆయన రోజుకు ఎంతమందికి చెబుతాడో. ఛార్జీ ఇవ్వబోతే కూడా అదే అంటాడు, చెయ్యి మాత్రం చాచే ఉంచుతాడు.

నేను తలెత్తాను. "మళ్ళీ చెప్పు" అన్నాను.

"నీదే తల్లీ."

"ఇంకోసారి."

"నీదే. నీ ముందు ఇదెంత?" నవ్వబోయాడు.

"ఖబూల్" అన్నాను. ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాను. "ఇప్పుడిది నా బండి. బందర్ దారి పట్టించు."

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నా మొహం వైపు చూశాడు. తడిసిన చొక్కా చూశాడు. ఒళ్ళో పాపలాగా పడుకోబెట్టుకున్న చక్కెర దిమ్మ చూశాడు. ఆ నవ్వు అలాగే మొహం మీద ఎండిపోయింది. వెనక సీట్లలో అప్పటికే ఎక్కి కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు సంచులు సర్దుకుని దిగిపోయారు. వాళ్ళలో ఒకావిడ కిటికీలోంచి తన రొట్టెల మూట నా ఒళ్ళో పడేసి, "ఇది మర్యాదకు కాదమ్మా, తిను" అంది.

బండి మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. మా అత్తగారు వీధిలోకి వచ్చింది. చేతులకింకా పిండి అంటుకుని ఉంది. గిన్నె పట్టుకుని ఉంది.  బండి వెనక నీళ్ళు కుమ్మరించింది.

మెడ నొప్పి పుట్టేదాకా అలా వెనక్కి తిరిగే ఉన్నాను. ఆ రాతి బొమ్మలో సింహం ఎందుకలా చూస్తోందో నాకు ఇంక ఎవరూ చెప్పనక్కరలేదు.

వాళ్ళ బస్సు మాకంటే చాలా ముందుంది. మా బండి పాతది. నాయీన్ ఎడారిలో ఒకసారి వేడెక్కి ఆగింది, మళ్ళీ ఆగేలా ఉంది. అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరైనా యజ్ద్ దాటాక సిర్జాన్ దారిలో ఉంటే, బందర్ బస్సు టీ కోసం ఆగినప్పుడు ఒక్కసారి ఎక్కి చూడండి. పొద్దున నేను పెట్టిన పసుపుపచ్చ టోపీ, టోపీకి నీలం పూస, ఎడమ చెవి వెనక గులాబీ ముల్లు గీసిన గీత. పాప ఏడుస్తోందా, పాలు తాగిందా, చూడండి. చూశాక, "అబ్బ, ఎంత ముద్దుగా ఉంది" అనండి. మా వదిన మర్యాద తెలిసిన మనిషి. పీష్‌కష్ అంటుంది. అనకుండా ఉండలేదు. నిజంగానా అని అడగండి. మళ్ళీ అంటుంది. మళ్ళీ అడగండి.

మూడోసారి అన్నాక, మీకు దణ్ణం పెడతాను, నవ్వకండి. "ఖబూల్" అనండి. అని, నేను వచ్చేదాకా నా బిడ్డను గట్టిగా పట్టుకోండి.